ముత్యాల్లాంటి అక్షరాలు

నా చేతిరాత బాగుంటుంది. గుండ్రంగా, వరస తప్పకుండా, కొట్టివేతలు లేకుండా రాస్తాను. రెవెన్యూలో గ్రామ స్థాయి ఉద్యోగం నాది. మొదట వీఏవో అన్నారు, తర్వాత వీఆర్వో అన్నారు. పేరు మారింది గానీ చంకలో సంచీ మారలేదు. మండలంలో ఎక్కడ పంచనామా జరిగినా, ఎక్కడ శవ పంచాయతీ పెట్టినా, ‘ఆయన్ని పిలిపించండయ్యా, అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి’ అనేవారు. ఎస్సైలు బదిలీ అయ్యారు, తాసీల్దార్లు బదిలీ అయ్యారు, ఆ మాట మాత్రం చార్జి అప్పగించినట్టు ఒకరి నుంచి ఒకరికి అందుతూ వచ్చింది. నేను పొంగిపోతూ వచ్చాను.

ఆ పొంగులో నేను గట్టిగా నమ్మిన సంగతి ఒకటుంది. న్యాయమైనా, అన్యాయమైనా జరిగేది కోర్టులోనేనని. పైన జడ్జిగారు, కింద వకీళ్లు, బోనులో ముద్దాయి, తేలేదంతా అక్కడే. మనం రాసేవాళ్లం. ఉన్నది ఉన్నట్టు రాసి, కింద సంతకం పెట్టి, ఇంటికెళ్లి అన్నం తినేవాళ్లం. కులం చూసి, డబ్బు చూసి, ఆడా మగా చూసి కేసులు నడుస్తాయని ఎవరైనా అంటే నాకు కోపం కూడా వచ్చేది. ‘మా దగ్గర అలాంటివి ఉండవండీ, ఫారం అందరికీ ఒకటే’ అనేవాణ్ణి. ఫారం ఒకటే, నిజమే. నింపేవాణ్ణి నేను.

తెలియనివాళ్లకు కాస్త చెప్పాలి. పోలీసులు సోదా చేసినా, సొత్తు పట్టుకున్నా, ఆ చుట్టుపక్కల గౌరవంగా బతికే ఇద్దరి సమక్షంలో చెయ్యాలి. వాళ్లను మధ్యవర్తులంటారు. ఊళ్లో గౌరవంగా బతికేవాళ్లు జీపు చప్పుడు వినగానే పొలం వెళ్లిపోతారు. ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ ఎవరు తిరుగుతారు? అందుకని వీఆర్వోకు కబురొస్తుంది. ప్రభుత్వ జీతం తీసుకునేవాడు, పిలిస్తే రాక తప్పనివాడు, రేపు సాక్ష్యంలో అడ్డం తిరగనివాడు.

ఇంకో సంగతి. పోలీసుల ముందు ముద్దాయి నేరం ఒప్పుకుంటే ఆ ఒప్పుకోలు కోర్టులో చెల్లదు. 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షనులోనే ఉన్న రూలు ఇది. తన్ని ఒప్పిస్తారని ఆ చట్టం చేసిన తెల్లవాళ్లకే అనుమానం. అయితే 27వ సెక్షను ఒక సందు వదిలింది: ముద్దాయి చెప్పిన మాట వల్ల సొత్తు బయటపడితే, ఆ మేరకు ఆ మాట చెల్లుతుంది. కొత్త సాక్ష్య చట్టంలోనూ ఆ సందు అలాగే ఉంది. అందుకే మా పంచనామాల్లో దొంగలందరూ ఒకే వాక్యం మాట్లాడతారు. ‘మీరు నా వెంట వచ్చినచో దాచిన స్థలము చూపించగలను.’ చదువుకున్న దొంగ, వేలిముద్ర దొంగ, నత్తి ఉన్న దొంగ, అందరిదీ ఇదే గ్రాంథికం. ఆ తెలుగు మాది.

రాగి దొంగతనం కేసు చెబుతాను. పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి లోపలి రాగి చుట్టలు ఎత్తుకుపోతున్నారు. నారుమళ్లు ఎండుతున్నాయి, రైతులు స్టేషను మీదికి వచ్చారు. ఒకనాడు పొద్దున్నే నాకు కబురు. వెళ్లేసరికి బల్ల కింద గోనెసంచిలో రాగి ఉంది. గోడకు ఆనుకుని ఎరుకల కాలనీ కుర్రాడు ఒకడు గొంతుక్కూర్చుని ఉన్నాడు. నాకు కుర్చీ వేశారు, కాఫీ చెప్పారు. స్టేషన్ రైటరు కాగితం నా ముందు పెట్టాడు. కాలువ అవతల తాటితోపులో ముద్దాయి స్వయంగా తవ్వి, సంచీ బయటికి తీసి మా సమక్షంలో అప్పగించాడని అందులో ఉంది. నేను ఆ తోపుకు వెళ్లలేదు. రాగి నాకంటే ముందే స్టేషనుకు వచ్చేసింది. అడగాల్సిన ప్రశ్న ఏమిటో ఎవరికైనా తెలుస్తుంది. నాకు మాత్రం రైటరు రాత మీద కళ్లు పడ్డాయి. కోడి గీకుడు. దాని కింద నా సంతకం పెట్టబుద్ధి కాలేదు. ‘ఇలా ఇవ్వండి, నేను సాపు రాస్తాను’ అన్నాను. అబద్ధం చూసి కలగని ఇబ్బంది అక్షరాలు చూసి కలిగింది. ఇంతకంటే వెర్రివాడు ఉంటే నాకు చూపించండి.

ఆ కుర్రాడి మీద నాకు సందేహం రాలేదంటే, రాకుండా నన్ను ఎప్పుడో తయారుచేసి పెట్టారు. 1871లో బ్రిటిషువాళ్లు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మద్రాసు ప్రాంతానికీ వర్తింపజేశారు. ఫలానా తెగలో పుట్టడమే నేరం. పేరు రిజిస్టరులో, వేలిముద్ర స్టేషన్లో, ఊరు దాటాలంటే చీటీ. 1913 ప్రాంతంలో బాపట్ల దగ్గర ఎరుకల కుటుంబాలను సాల్వేషన్ ఆర్మీ చేతుల్లో పెట్టి ఒక సెటిల్‌మెంటు కట్టించారు. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద పదవిలో ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ పేరు మీద అది స్టువర్టుపురం అయింది. చీరాల పొగాకు కంపెనీకి అక్కణ్ణుంచి కూలీలు వెళ్లేవారు. దొంగలని పేరు పెట్టి కట్టడి చేసిన మనుషులు చౌక కూలీలుగా పనికొచ్చారన్నమాట. ఆ చట్టం 1952లో దేశమంతటా రద్దయింది. అది పోయాక అలవాటు నేరస్తుల చట్టాలు నిలిచాయి. మన రాష్ట్రానిది 1962. రిజిస్టరుకు అట్ట మారింది.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను ఈ చరిత్ర చదవలేదు. నాకు తెలిసిన చరిత్ర సినిమా హాల్లోది. 1991 ఒక్క ఏడాదే ‘స్టువర్టుపురం పోలీస్ స్టేషన్’, ‘స్టువర్టుపురం దొంగలు’ రెండూ వచ్చాయి. రెండూ చూశాను, ఈలలు కూడా వేశాను. ఆ తర్వాత ఎరుకల కుర్రాడు స్టేషన్ గోడకు ఆనుకుని కనబడితే నాకు వింతేముంటుంది? ‘వీడు కాకపోతే వీడి బాబాయి’ అని కానిస్టేబుల్ అన్నప్పుడు నేనూ నవ్వాను. ఇది నా ఒక్కడి బుర్రలోని మాట కాదని తెలియడానికి 2024 అక్టోబరు దాకా పట్టింది. ఏ కులం ఖైదీ వంట చెయ్యాలో, ఏ కులం ఖైదీ పాకీపని చెయ్యాలో రాసుకున్న జైలు నిబంధనలను అప్పుడు సుప్రీంకోర్టు కొట్టేసింది. సంచార తెగలవాళ్లకు పారిపోయే బుద్ధి ఉంటుందన్న రాతలు కూడా ఆ పుస్తకాల్లో అప్పటిదాకా ఉన్నాయి. నాకంటే ముందు ఇంకెవరో, మంచి చేతిరాత ఉన్నవాడే, కూర్చుని రాసి ఉంటాడు.

కొన్నాళ్లకు ఆ కుర్రాడికి బెయిలు వచ్చింది. బెయిలు రావడం వేరు, మనిషి బయటికి రావడం వేరు. ఇద్దరు జామీనుదారులు కావాలి, వాళ్లకు ఆస్తి ఉన్నట్టు సాల్వెన్సీ సర్టిఫికెట్ కావాలి. దానికి రిపోర్టు రాయాల్సింది మళ్లీ నేనే. వాడి అమ్మ కాగితాల సంచీ పట్టుకుని, జామీను ఉంటానన్న బావగారిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. గేటు బయటే నిలబడ్డారు. లోపలికి రమ్మని నేను అనలేదు.

‘అయ్యా, ఈయనకు ఇల్లుందయ్యా. స్లాబిల్లే. ఎవరికీ ఒక్క రూపాయి బాకీ లేడు.’

ఇల్లుంది. ప్రభుత్వమిచ్చిన స్థలంలో ప్రభుత్వ లోనుతో కట్టుకున్న ఇల్లు. చిక్కంతా అక్కడే. ఇలా ఇచ్చిన అసైన్డ్ భూమిని అప్పట్లో అమ్మకూడదు, కొనకూడదు. 1977 నాటి చట్టం అది. పేదవాడి చేతిలోంచి జారిపోకూడదని పెట్టిన కాపలా. అమ్మడానికి వీల్లేని ఇల్లు జామీనుకు పనికిరాదు. ‘ఇది డి-పట్టా అమ్మా, చెల్లదు’ అన్నాను. రూలు నోటికి రావడం ఒక దర్జా, ఆ దర్జాతోనే అన్నాను.

‘మరి మాకిచ్చామని చెప్పిందెందుకయ్యా?’ అంది. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టుంది. నేను మళ్లీ రూలు చెప్పాను.

ఆ రోజుల్లోనే రైసుమిల్లు వాళ్ల కారు రాత్రిపూట సైకిలు మీద పోతున్న కూలీని గుద్దింది. మనిషి పోయాడు. స్టేషనుకు వెళ్లి లొంగిపోయింది డ్రైవరు. ప్రమాదం జరిగిన వేళకు ఆ డ్రైవరు రామాలయం అరుగు మీద తువ్వాలు పరుచుకుని నిద్రపోతున్నాడు. నేను ఆ దారినే ఇంటికి వచ్చాను కాబట్టి నాకు తెలుసు. నన్నెవరూ అడగలేదు. అడగని మాట చెప్పడం మన పని కాదనుకున్నాను. అతని జామీనుకు మిల్లు ఆస్తే చూపించారు. రిపోర్టు మిల్లు వరండాలో కూర్చుని రాశాను. ‘స్థానికముగా విచారణ జరిపి’ అని మొదలుపెట్టాను. ఆస్తి మీద అప్పులున్నాయో లేదో చూపించే ఈసీ అడగలేదు. ఆ మిల్లు బ్యాంకులో తాకట్టులో ఉందని తర్వాతెప్పుడో పేపర్లో వేలం ప్రకటన చూస్తే గానీ తెలియలేదు. అప్పుల్లో పీకలదాకా మునిగిన ఆస్తికి సాల్వెన్సీ రాశాను. రూపాయి బాకీ లేని ఇంటిని పనికిరాదని పంపించాను. ఇందులో లంచం లేదు, అది గమనించాలి. లంచం తీసుకుని ఉంటే కనీసం తప్పు చేస్తున్నానని తెలిసేది. మిల్లాయన అబద్ధం చెబుతాడని నాకు తోచలేదు, అంతే. ఆవిడ నిజం చెబుతుందని కూడా తోచలేదు.

ఈ జామీను సంగతి మీద సుప్రీంకోర్టు ఎప్పుడో మాట్లాడింది. మధ్యప్రదేశ్‌లో మోతీరామ్ అనే తాపీమేస్త్రిని పది వేలకు జామీను తెమ్మన్నారు. సోదరుడు ముందుకొస్తే, ఆయన ఆస్తి వేరే జిల్లాలో ఉందని మేజిస్ట్రేటు ఒప్పుకోలేదు. 1978లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ పద్ధతిని ఎండగట్టి, వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద వదిలెయ్యమన్నారు. నేను ఉద్యోగంలో చేరేనాటికే అది పాత తీర్పు. 2022 చివరకు దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, అందులో 4,34,302 మంది నేరం ఇంకా రుజువు కానివాళ్లు. బెయిలు వచ్చి కూడా జామీను దొరక్క లోపలే ఉండిపోయేవాళ్లు వీళ్లలో కలిసిపోయి ఉంటారు. నిరుపేద ఖైదీల జామీనుకు ప్రభుత్వమే డబ్బు కట్టే పథకం 2023లో వచ్చింది. వాళ్ల పేదరికానికి కూడా ఎవరో ఒకరు రిపోర్టు రాయాలి మరి.

కుర్రాడు సబ్‌జైల్లో ఉండగానే విచారణ వచ్చింది. నా సాక్ష్యం రోజున ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. వాడి తరఫున ఉచిత న్యాయ సహాయం కింద వచ్చిన వకీలు కుర్రవాడే అయినా మంచి ప్రశ్నలే అడిగాడు. తోపుకు ఎలా వెళ్లారు, మధ్యలో కాలువ ఎక్కడ దాటారు, తోపుకు తూర్పున ఏముంది. పాపం, ఆయనకు తెలియనిదేమిటంటే ఆ తోపు నా అడంగల్లో ఉంది. పొలాల కొలతలుండే ఎఫ్ఎంబీ పటం నా కంఠస్థం. సర్వే నంబరు చెప్పాను, తూములు చెప్పాను, తూర్పు హద్దు రైతు పేరు తండ్రి పేరుతో సహా చెప్పాను. జడ్జిగారు రాసుకోవడం ఆపి నా వైపు చూశారు. ఆ చూపు చాలాకాలం నెమరేసుకున్నాను. నేను చెప్పిన ప్రతి వివరమూ నిజమే. ఆ రోజు నేనక్కడ ఉన్నానన్నదొక్కటే అబద్ధం. శిక్ష పడింది. కోర్టు ఎదురుగా హోటల్లో కానిస్టేబుల్ పెసరట్టు తినిపించాడు. ‘మీ సాక్ష్యం ఉంటే మాకు దిగులుండదండీ’ అన్నాడు. ఆ రాగి ఆ కుర్రాడు తీశాడో లేదో నాకు ఈ రోజుకీ తెలియదు.

2024 జూలై నుంచి సోదాలు, స్వాధీనాలు వీడియో తియ్యాలని కొత్త చట్టం. మంచిదే. కెమెరా తోపు దగ్గర ఆన్ చెయ్యాలో, స్టేషన్ దగ్గర ఆన్ చెయ్యాలో తీసేవాడే తేలుస్తాడు కదా అని మాత్రం నా అనుమానం. పాత పాపిని కాబట్టి వచ్చిన అనుమానం అనుకోండి.

నా నిజాయితీ సంగతి చెప్పాలిప్పుడు. రొయ్యల చెరువు గట్టు మీద కూలి డబ్బుల దగ్గర గొడవై, యజమాని ఒక ఎస్సీ స్త్రీని కులం పేరుతో తిట్టి కొట్టాడని కేసు. అట్రాసిటీ చట్టం కింద పెట్టారు. అలాంటి కేసుకు బాధితురాలు ఎస్సీయేనని సర్టిఫికెట్ కావాలి. డీఎస్పీ ఆఫీసు నుంచి తాసీల్దారుకు, తాసీల్దారు నుంచి నాకు కాగితం దిగింది. కాలనీకి వెళ్లాను. ఒకటే గది, మధ్యలో చీర అడ్డం. గోడ మీద ఏసుక్రీస్తు బొమ్మ క్యాలెండరు, కింద బంగారు కొట్టు పేరుతో. మూలన పసుపు రాసిన రాయి కూడా ఉంది, ఏటా కొలుపులకు పెట్టుకునేది. నాకు క్యాలెండరు కనిపించింది. ‘చర్చికి వెళ్తారా?’ అని అడిగాను.

‘ఆదివారం ఎల్తామండీ. పిల్లదానికి జొరమొస్తే ప్రార్థన చేయించాం.’ దాచాలన్న ఊహే లేదు ఆవిడకు.

వచ్చి రాశాను: ‘సదరు కుటుంబము క్రైస్తవ మతాచారములను పాటించుచున్నట్లు విచారణలో తెలిసినది.’ 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు, తర్వాత చేరిన సిక్కులు, బౌద్ధులు తప్ప ఎస్సీలు కారు. క్రైస్తవంలోకి వెళ్లినవాళ్లు మన దగ్గర బీసీ-సీ. నేను రాసింది రూలు ప్రకారం తప్పు కాదు. 2025లో మన హైకోర్టు కూడా ఉమ్మడి గుంటూరు జిల్లా పాస్టరు ఒకాయన కేసులో ఇదే మాట చెప్పింది, మతం మారినవాళ్లు అట్రాసిటీ చట్టం కింద కేసు పెట్టలేరని. మా రొయ్యల చెరువు కేసులో సెక్షన్లు ఆల్టర్ చేశారు. మామూలు కొట్లాట కేసు మిగిలింది, అది లోక్ అదాలత్‌లో రాజీ అయింది. చెరువు యజమాని ఆవిణ్ణి తిట్టినప్పుడు చర్చి సంగతి అడగలేదు. కులం పేరే వాడాడు. అడిగినవాణ్ణి నేను.

ఇంతకీ నా వెర్రి ఆ వాక్యం రాయడంలో లేదు. నా సర్వీసులో ఎన్ని కుల ధ్రువీకరణలకు రిపోర్టులు రాశానో లెక్కలేదు. పెద్దింటి పిల్లలవి ఆఫీసులో ఫైలు తిరగేస్తూ రాశాను. ఏ ఇంట్లో దేవుడి గది ఎలా ఉందో ఒక్కనాడూ తొంగిచూడలేదు. నేను పుట్టిన కులం ఊళ్లో పెద్దదీ కాదు, చిన్నదీ కాదు; అరుగు మీద కూర్చోనిచ్చే కులం. అరుగు మీద కూర్చున్నవాడు ఇంటి లోపలికి చూడడు, మర్యాద. కాలనీలో అరుగులుండవు, గడపలోంచే గోడలన్నీ కనిపిస్తాయి. నిక్కచ్చిగా ఉండటానికి వీలున్న చోట మాత్రమే నిక్కచ్చిగా ఉన్నాను.

చుండూరు హత్యలు జరిగినప్పుడు ఉద్యోగంలో కొత్తవాణ్ణి. 1991 ఆగస్టు 6. ఎనిమిది మంది దళితులను చంపి కాలువల్లో పడేశారు. మా ఆఫీసులో ఆ రోజుల్లో నడిచిన మాట ‘తప్పు రెండువైపులా ఉందిలే’. నేనూ అన్నాను. ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టి, 2007లో 21 మందికి యావజ్జీవం వేశారు. 2014 ఏప్రిల్లో హైకోర్టు నేరం రుజువు కాలేదని అందరినీ వదిలేసింది. అప్పుడు మళ్లీ ఒక మాట అన్నాను, టీ కొట్టు దగ్గర, నలుగురిలో: ‘సాక్ష్యం లేకపోతే జడ్జిగారు మాత్రం ఏం చేస్తారు?’ సాక్ష్యం ఎలా పుడుతుందో, ఎలా పుట్టకుండా పోతుందో ఆ నలుగురిలో నాకొక్కడికే తెలుసు.

ఆడవాళ్ల కేసుల్లో నా చేతికి ఒక వాక్యం అలవాటైపోయింది: ‘కడుపునొప్పి తాళలేక’. పెళ్లయిన ఏడేళ్లలోపు ఆడపిల్ల అనుమానాస్పదంగా పోతే శవ పంచాయతీ తాసీల్దారు చెయ్యాలి. వరకట్న చావులు పోలీసుల చేతిలో మరుగున పడకుండా పెట్టిన ఏర్పాటు. మంచి ఏర్పాటే. తాసీల్దారు వస్తారు, పక్కన నేను అట్ట పట్టుకుని. పంచాయతీదారులు కావాలి. ఊళ్లో పెద్దమనుషుల్లోంచి ఐదుగురొస్తారు, ఐదుగురూ మగవాళ్లే. వాళ్లలో ఒకరైనా మామగారికి వేలు విడిచిన చుట్టం అవుతాడు. ఎందుకు చనిపోయిందని మీ అభిప్రాయం? కడుపునొప్పి. ఎన్నాళ్లనుంచి? చాన్నాళ్లనుంచి. ఎక్కడ చూపించారు? ఎక్కడెక్కడో చూపించారు. నేను రాసేస్తాను.

ఒక ఇంటి తలుపు మాత్రం నా కళ్ల ముందు నుంచి పోదు. లోపల గడియ పెట్టుకుని ఉరేసుకుందని, ఇరుగుపొరుగు తలుపు బద్దలుకొట్టి దించారని చెప్పారు. కిందటి సంక్రాంతికి వేసిన ఆకుపచ్చ రంగు ద్వారబంధం. గడియ చూశాను. ఊచ వంగలేదు, మేకులు కదల్లేదు, రంగు పెచ్చు లేవలేదు. వేలుపెట్టి లాగితే నున్నగా జరిగింది. పక్కింటి ముసలావిడ గుమ్మం దగ్గర నిలబడి, ‘బాబూ, రేత్రి…’ అని ఏదో ఎత్తుకుంది. పెద్దమనుషుల్లో ఒకాయన గొంతు సవరించుకున్నాడు. నేనే అన్నాను, ‘అమ్మా, నువ్వు తర్వాత చెబుదువుగానీ’ అని. తర్వాత ఎవరూ ఆవిణ్ణి పిలవలేదు. ‘తలుపు లోపలి గడియ పెట్టుకొని’ అని నా గుండ్రటి అక్షరాలతో రాశాను. అందరూ చెబుతున్నదానికి నా వేలు చెప్పినదాన్ని ఎదురుపెట్టడం తలబిరుసు అనుకున్నాను. వినయం అనుకున్నాను దాన్ని.

ఆ రిపోర్టుల జిరాక్సులు ఇంట్లో ఉండేవి. ఒకనాడు బీరువా సర్దుతూ మా ఆవిడ చదివింది. వరసగా నాలుగైదు చదివి, ‘ఏవండీ, మీ మండలంలో కడుపునొప్పి మగాళ్లకు రాదా?’ అంది. హాస్యానికి అందనుకుని నవ్వాను. ఆవిడ నవ్వలేదు. కాగితాలు లోపల పెట్టేసి బీరువా తలుపు వేసింది. రెండు రోజులు ముభావంగా ఉంటే ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. చూశారా, అక్కడా నాకు కడుపునొప్పే తోచింది.

ఆడవాళ్ల మాటను ‘తర్వాత’ అనడం నాకు ఎవరు నేర్పారా అని ఆలోచిస్తే 1978 గుర్తొస్తుంది. హైదరాబాదులో రమీజాబీ కేసు. భర్తతో రాత్రి ఆట సినిమా చూసి వస్తుంటే నల్లకుంట స్టేషనుకు తీసుకుపోయారు. పోలీసులు ఆవిడ మీద అత్యాచారం చేశారు, భర్తను కొట్టారు, ఆయన చనిపోయాడు. నగరం అట్టుడికింది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. కేసు కర్ణాటకలోని రాయచూరుకు మారింది, అక్కడ నిందితులైన పోలీసులు నిర్దోషులుగా బయటపడ్డారు. నేనప్పుడు స్కూల్లో ఉన్నాను. మా వీధి అరుగు మీద పేపరు చదివి పెద్దలు వేసుకున్న ప్రశ్న, ‘అంత రాత్రప్పుడు ఆడదానికి సినిమా ఏంటి?’ ఆవిడ ఎలాంటిదన్నదే మాట్లాడారు. స్టేషన్లో మనిషి ఎందుకు చచ్చిపోయాడన్నది అరుగు మీద చర్చకు రాలేదు. పంచాయతీదారుగా పనికొచ్చే చదువు నాకు అక్కడే అబ్బింది.

రిటైరయ్యాక ఇవన్నీ ఎవరికైనా చెప్పాలనిపించేది. పాత స్నేహితుడైన వకీలుకు చెబితే, ‘ఇప్పుడు ఒప్పుకుంటే తప్పుడు సాక్ష్యం కేసు నీ మీదే పెడతారు, నోరుమూసుకో’ అన్నాడు. అదీ నిజమే. నేను మాత్రం సుఖంగా ఉన్నాను, పింఛను వస్తోంది.

ఈ మధ్య మా ఇంటికి పాలు పోసే అబ్బాయి తమ్ముడు, ఎస్సీ కాలనీవాడే, జాతరలో కొట్లాట కేసులో లోపలికి వెళ్లాడు. బెయిలు వచ్చింది, ఇద్దరు జామీనుదారులు కావాలన్నారు. ‘నేనుంటాను’ అన్నాను. గొప్ప పని చేస్తున్నానన్న భావన లేకపోలేదు. ఆ జబ్బు పోదు. ఇంటి పన్ను రసీదు, ఆధార్, పింఛను కాగితాలు పట్టుకుని కోర్టుకు వెళ్లాను. రెండో జామీనుదారుడు ఆ కుర్రాడి మేనమామ. ఆర్టీసీలో మెకానిక్కుగా చేసినాయన. రిజిస్టర్డ్ డాక్యుమెంటుతో కొనుక్కున్న ఇల్లు, పన్ను బకాయి లేదు, ఈసీ కూడా తీసి తెచ్చుకున్నాడు. నా దగ్గర ఈసీ లేదు.

గుమాస్తా నన్ను చూసి, ‘రండి మాస్టారూ, కూర్చోండి’ అన్నాడు. నేను మాస్టార్ని కాదు. సర్దుకుని కూర్చున్నాను. నా కాగితాలు పై నుంచి కింద దాకా చదవలేదు. సంతకం చూసి, ‘అబ్బ, రాత భలే ఉందండీ’ అన్నాడు. పది నిమిషాల్లో నా పని అయిపోయింది. మేనమామ కాగితాలను గుమాస్తా తీసుకుని ఒక్కోటి వెలుతురుకు పెట్టి చూశాడు. ఈసీ మీద స్టాంపు మసగ్గా ఉందన్నాడు. ఇంటి నంబరు పాతదా కొత్తదా అని అడిగాడు. ఆయన నిలబడే జవాబులు చెప్పాడు. నేను కుర్చీలోంచి, ‘వాటికేం కాదు లెండి, నాకు తెలుసు, నికార్సయిన కాగితాలు’ అన్నాను. ‘మీరు చెబితే సరేనండి, కానీ ఒరిజినల్ డాక్యుమెంటు కూడా చూడాలి కదా’ అన్నాడు గుమాస్తా. నన్ను ఒరిజినల్ ఏదీ అడగలేదని ఆయనకూ తెలుసు, మేనమామకూ తెలుసు. మేనమామ నా వైపు చూడకుండా కాగితాలు సంచీలో పెట్టుకున్నాడు. ఆయన్ని మర్నాడు రమ్మన్నారు.